కుందూ మైదానం నుంచి నల్లమల దాకా

కర్నూలు

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మీ అవ్వా నేనూ కారులో నంద్యాల మీదుగా గిద్దలూరు దాకా పోయి వచ్చామని చెప్పినప్పుడు, అంతసేపు చదునుగా సాగిన నేల చివర ఒక్కసారిగా కొండలు ఎందుకు లేస్తాయని మీరు అడిగారు. ఫోనులో రెండు మాటల్లో తేల్చే ప్రశ్న కాదది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కర్నూలు వదిలి, ఓర్వకల్లు రాళ్లగుట్టలనూ పాణ్యం దగ్గర ఎర్రమల కొండలనూ దాటితే, నంద్యాల వైపు నేల చాప పరచినట్టు కనిపిస్తుంది. పడమర ఎర్రమలకూ తూర్పున నల్లమలకూ నడుమ కుందూ నది పారే ఈ పల్లాన్ని, చూడవలసినదేమీ లేదని చాలామంది నిద్రలోనే దాటేస్తారు. నాకు మాత్రం దారి మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే. మీ అవ్వ ఒక చేను పక్కన కారు ఆపించి, నెర్రెలిచ్చిన నల్లరేగడిలో చేయి పెట్టి చూస్తే మణికట్టు దాకా దిగింది. వాన పడితే అదే మన్ను ఉబ్బి నెర్రెలన్నీ పూడిపోతాయి, చెప్పుకు అంటుకుంటే ఒక పట్టాన ఊడిరాదు. తడిని చాలాకాలం పట్టి ఉంచే బంకమన్ను కాబట్టే, వానలు వెనుకబట్టిన తరువాత కూడా ఇక్కడ శనగ పండుతుంది.

ఈ మన్ను కింద ఉన్నవి సున్నపురాయి, పలకలుగా విడిపోయే షేల్. కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద, సున్నమే ఇట్లా రాయిగా మారాయి. వేసవిలో మీరు మన ఇంట్లో పడుకునే బేతంచెర్ల నాపరాళ్లు కూడా ఈ రాళ్ల వరుసలోనివే. ఇవి ఎండకూ వానకూ ఏటినీటికీ సులువుగా అరుగుతాయి. నల్లమలలో ఎక్కువగా ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ బిగుసుకొని ఏర్పడిన గట్టిరాయి. అది అంత త్వరగా అరగదు. వింతేమిటంటే, ఎత్తున ఉన్న ఆ కొండరాళ్లు కింద ఉన్న మైదానపు రాళ్లకంటే పాతవి. భూమి లోపలి ఒత్తిడి తూర్పు నుంచి నెట్టగా పాత పొరలు మడతలు పడి, పడమరకు జరిగి పైకి లేచాయి. గాజులపల్లె దాటి ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు, దారి కోసం తొలిచిన చోట్ల ఆ పొరలు ఏటవాలుగా ఒరిగి ఉండడం మేము దగ్గరగా చూశాము.

నీటి సంగతి కూడా ఇందులోనే ఉంది. అడవిలో పడిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి కొండ అడుగున ఊటగా పైకి వస్తుంది. మహానంది కోనేరు అట్లాంటిదే, అక్కడి నుంచి పారే నీళ్లతోనే చుట్టూ అరటితోటలు పెరుగుతాయి. భారీ వానలకు కొండవాగులు ఒక్కసారిగా దిగినప్పుడు, వాలు తక్కువైన మైదానంలో నీరు త్వరగా పోలేక కుందూ పొంగి చేలను ముంచుతుంది. అయితే సుంకేశుల దగ్గర తుంగభద్ర నుంచి కడప దాకా కె.సి. (కర్నూలు-కడప) కాలువను పారించడానికి అనువుగా ఉన్నది కూడా ఈ మెల్లని వాలే. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ దాన్ని పడవలు కూడా నడిచేటట్టు తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది.

సెలవులకు వచ్చినప్పుడు మిమ్మల్ని ఆ దారినే తీసుకుపోతాము. తెల్లవారుజామునే బయలుదేరాలి, పాణ్యం దాటాక ముందు సీటులో మీరు వంతులవారీగా కూర్చోవచ్చు.

ఇట్లు,
మీ తాత