ఒకే ఏడాది, రెండు జల్లెడలు: మిస్టరీ వార్షిక సంకలనాల వెనుక కథ

2021లో అమెరికా పుస్తకాల షాపుల్లోకి ఒకే సంగతి చెప్పుకునే పుస్తకాలు రెండు వచ్చాయి. రెండూ అంతకు ముందు ఏడాది, అంటే 2020లో, అచ్చయిన మిస్టరీ కథల్లోంచి ఏరి కూర్చినవే. ఒకటి స్టెఫ్ చా సిరీస్ ఎడిటర్‌గా వచ్చిన ‘ది బెస్ట్ అమెరికన్ మిస్టరీ అండ్ సస్పెన్స్’. రెండోది ఆటో పెంజ్లర్ తెచ్చిన ‘ది బెస్ట్ మిస్టరీ స్టోరీస్ ఆఫ్ ది ఇయర్’. తమాషా ఏమిటంటే, మొదటి సిరీస్‌ని 1997 నుంచి 2020 దాకా నడిపింది ఈ పెంజ్లరే. అప్పటికి దాని పేరులో ‘సస్పెన్స్’ లేదు. ఒకే కళ్లంలో ఇద్దరు తూర్పారబట్టే పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే, అసలు ఈ ఏరివేత ఎందుకు మొదలైందో చూడాలి.

మిస్టరీ చిన్నకథ పత్రికలో పుట్టింది. ఎడ్గార్ ఎలన్ పో 1841లో గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో ‘ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’ వేసినప్పటి నుంచీ ఇదే వరస. షెర్లాక్ హోమ్స్ కథలు 1891 జూలై నుంచి స్ట్రాండ్ పత్రికలో వచ్చాయి. హోమ్స్ లాంటి పాత్ర చేతిలో ఉన్న రచయితకు కథలన్నీ పుస్తకంగా వేసే ప్రచురణకర్త దొరుకుతాడు. ఏడాదికి ఒకటో రెండో, అవీ తలో పత్రికకీ రాసేవాడికి ఆ దారి లేదు. కొత్త సంచిక రాగానే పాత సంచిక చిత్తుకాగితాల్లోకి పోతుంది, దాంతోపాటే కథా పోతుంది. ఆ కథకు రెండో జన్మ ఇవ్వడం వార్షిక సంకలనం చేసిన మొదటి పని.

ఏరాలంటే కొలత కావాలి. 1928 నాటి డిటెక్టివ్ కథలతో ఇంగ్లండ్‌లో ఫాదర్ రోనాల్డ్ నాక్స్ (క్రైస్తవ మతగురువు, డిటెక్టివ్ కథల రచయిత), హెచ్. హారింగ్టన్ 1929లో ఒక సంకలనం తెచ్చారు. అందులోని కథల కంటే నాక్స్ ముందుమాటకే ఎక్కువ పేరొచ్చింది. డిటెక్టివ్ కథకు ఆయన పెట్టిన పది కట్టుబాట్లు ఉన్నది అందులోనే. నేరస్తుడు కథ మొదట్లోనే కనబడాలి. రహస్య మార్గం ఒకటికి మించకూడదు. కాకతాళీయం డిటెక్టివ్‌కు సాయపడకూడదు. ముందుగా సూచించకుండా కవలల్ని దింపకూడదు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ కనబడాలి. ఎక్కడ చూసినా ఉటంకించే ఈ నియమాల పుట్టిల్లు ఒక వార్షిక సంకలనమన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

ఆ చివరి నియమం చిన్నకథలో పాటించడం నవలలో కంటే కష్టం. ఐదువేల మాటల్లో అనుమానితులు ముగ్గురికో నలుగురికో మించి పట్టరు. కాబట్టి గుట్టంతా ఒక్క వాక్యంలో దాచాలి. “బల్ల మీద కళ్ళద్దాలు, సగం తాగిన టీ, తలుపు పక్కన తడి గొడుగు, గోడ మీద పదింటికి ఆగిపోయిన గడియారం” అని రాశారనుకోండి. పాఠకుడి చూపు గడియారం దగ్గర ఆగుతుంది. అసలు ఆధారం గొడుగు, ఎందుకంటే ఆ ఇంటాయన రోజంతా గడప దాటలేదని చెప్పాడు. గొడుగును జాబితా చివర పెడితే దొరికిపోతుంది, మధ్యలో పెడితే జారిపోతుంది. రచయిత చేసే పొరపాటు ఇంకొకటుంది: పాఠకుడు చూశాడో లేదోనని రెండు పేజీల తర్వాత గొడుగును మళ్ళీ ప్రస్తావించడం. నవలలో వంద పేజీల ఎడం ఉంటుంది కాబట్టి అది చెల్లుతుంది. చిన్నకథలో అక్కడితో ఆట ముగిసినట్టే. ఇంత సన్నటి పనిని పట్టించుకుని చదివేవాళ్ళ కోసమే ఈ సంకలనాలు.

అమెరికాలో 1941లో ఫ్రెడరిక్ డానే ‘ఎలరీ క్వీన్స్ మిస్టరీ మ్యాగజైన్’ మొదలుపెట్టాడు. 1946లో డేవిడ్ సి. కుక్ ‘బెస్ట్ డిటెక్టివ్ స్టోరీస్ ఆఫ్ ది ఇయర్’కు శ్రీకారం చుట్టాడు. 1953లో ‘మ్యాన్‌హంట్’, 1956లో హిచ్‌కాక్ పేరిట మరో పత్రిక వచ్చాయి. ఏరడానికి పంట దండిగా ఉన్న రోజులవి. కుక్ తర్వాత ఆ జల్లెడ బ్రెట్ హాలిడే, ఆంథొనీ బౌచర్, ఆలెన్ హ్యూబిన్‌ల చేతులు మారి 1976లో ఎడ్వర్డ్ డి. హోక్ దగ్గరికి చేరింది. 1982లో ప్రచురణ సంస్థా పేరూ మారినా 1995 దాకా హోకే సంపాదకుడు. ఆ పనికి అంతకన్నా తగినవాడు దొరకడు. తొమ్మిది వందలకు పైగా కథలు రాసిన మనిషి. 1973 మే నుంచి 2008లో పోయేదాకా ఎలరీ క్వీన్స్ ప్రతి సంచికలోనూ ఆయన కథ ఉంది. ఆయన సంకలనాల్లో కథల వెనక మరో చిన్న పుస్తకమే ఉండేది: ఆ ఏడాది వచ్చిన పుస్తకాల జాబితా, అవార్డులు, చనిపోయిన రచయితల పేర్లు, ఎంపికకు దగ్గరగా వచ్చిన కథల పట్టిక. కథలు చదివేసినవాళ్ళు కూడా ఆ పేజీల కోసం పుస్తకం దాచుకునేవారు.

1997లో పెంజ్లర్ రాకతో జల్లెడ కన్నాలు పెద్దవయ్యాయి. 1915 నుంచీ వస్తున్న ‘బెస్ట్ అమెరికన్ షార్ట్ స్టోరీస్’ పక్కన హౌటన్ మిఫ్లిన్ ప్రచురణ సంస్థ మిస్టరీకి కూడా ఒక సిరీస్ పెట్టింది. పద్ధతి ఇది: ఏడాదిలో వచ్చిన కథలు వేలల్లో వడపోసి, పెంజ్లర్ దాదాపు యాభై మిగిలిస్తాడు, అందులోంచి ఆ ఏటి అతిథి సంపాదకుడు ఇరవై తీసుకుంటాడు. తొలి అతిథి రాబర్ట్ బి. పార్కర్. నేరమో, నేరం జరుగుతుందన్న భయమో కథకు కేంద్రంగా ఉంటే చాలు, అది మిస్టరీయే అన్నది పెంజ్లర్ నిర్వచనం. డిటెక్టివ్ అక్కర్లేదు, చిక్కుముడీ అక్కర్లేదు. దాంతో సాహిత్య త్రైమాసికాల కథలు బాగా చేరాయి. పజిల్ కోసం వచ్చిన పాఠకుడికి, హంతకుడెవరో మొదటి పేరాలోనే చెప్పేసే కథ ఎదురవుతుంది. ఆ అసంతృప్తి న్యాయమైనదే. కానీ నాక్స్ కొలతలే పట్టుకు కూర్చుంటే ఈ సిరీస్ ఇరవై నాలుగేళ్ళు నడిచేది కాదు. పత్రికలు ఒక్కొక్కటీ మూతబడ్డాయి. మిగిలిన ఎలరీ క్వీన్స్, హిచ్‌కాక్ పత్రికలు 2017 నుంచి రెండు నెలలకొకటి అయ్యాయి. ఇంకోవైపు 2004లో ‘బ్రూక్లిన్ నువార్’తో మొదలై నగరానికొకటిగా వచ్చిన నేరకథల సంకలనాలు కొత్త గింజలు పోశాయి.

2021లో పాత సిరీస్ చా చేతికి వెళ్ళింది, తొలి అతిథి అలఫేర్ బర్క్. పెంజ్లర్ తన సొంత మిస్టీరియస్ ప్రెస్ నుంచి, లీ చైల్డ్‌ను అతిథిగా పెట్టుకుని, రెండోది తెచ్చాడు. పేర్లు చూస్తే చాలు: ఒకరు ‘సస్పెన్స్’ చేర్చారు, ఇంకొకరు ‘అమెరికన్’ తీసేశారు.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ‘బెస్ట్ అమెరికన్’ వరసలో కథలు రచయిత ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి, ఏ కథ పక్కన ఏది నప్పుతుందని చూసి పేర్చినవి కావు. ఒకే తరహా మలుపున్న కథలు రెండు పక్కపక్కన పడొచ్చు. వరసగా నాలుగు చదివితే ఐదోదానిలో మలుపు కోసం ముందే కాచుక్కూర్చుంటాం, గొడుగు వెంటనే కంటబడుతుంది. రోజుకొకటి మేలు, అదీ ముందుమాటలు ఆఖరికి వదిలేసి. పుస్తకం చివర, ఇరవైలోకి రాని కథల పేర్లు, అవి ఎక్కడ వచ్చాయో కూడా ఇస్తారు. ఒకే పేరు అక్కడ రెండు మూడేళ్ళు వరసగా కనబడితే, మరుసటి ఏడు కొత్త పుస్తకం తెరవగానే ఆ పేరు ముందు పేజీల్లో ఉందా అని వెతుక్కోవాలనిపిస్తుంది.