నీళ్లు కొట్టకూడని చోటు

క్లోరిన్ నింపిన పెద్ద ఉక్కు సిలిండరు, అంటే టన్నర్, లీకవుతోందని కబురు అందితే ఫైరింజన్ దిగిన మనిషి చెయ్యి ముందుగా పోయేది నీళ్ల పైపు మీదికి. నీళ్లు కొడితే లీకు పెరుగుతుంది. ద్రవ క్లోరిన్ మరిగేది మైనస్ 34 డిగ్రీల దగ్గర. బయటపడి ఆవిరయ్యేటప్పుడు దానికి కావలసిన వేడిని టన్నర్ నుంచే లాక్కుంటుంది. రంధ్రం చుట్టూ మంచు పేరుకుంటుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది, లీకు దానంతటదే నెమ్మదిస్తుంది. మన పైపులోంచి వచ్చే నీళ్లు 30 డిగ్రీల వేడిమీద ఉంటాయి. అంటే చల్లబడిన టన్నర్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టినట్టే. పైగా క్లోరిన్ నీటితో కలిస్తే ఆమ్లం పుడుతుంది. అది ఉక్కును తినేసి సన్నటి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది.

ప్రమాదకర రసాయనాల శిక్షణలో కొత్త విద్య నేర్పడం ఒక ఎత్తు, పాత అలవాటు మాన్పించడం ఇంకో ఎత్తు. రెండోదే కష్టం. ఫైర్‌మెన్, పోలీసులు, 108 సిబ్బంది ఏళ్ల తరబడి ఉరకడం నేర్చుకున్నవాళ్లు. పడిపోయిన మనిషి కనిపిస్తుంటే ఆగమని చెప్పడం వాళ్లకు తిట్టులా వినిపిస్తుంది. కానీ 1973లో అమెరికాలోని కింగ్‌మన్‌లో ప్రొపేన్ రైలు ట్యాంకు పేలి 11 మంది ఫైర్‌మెన్ పోయారు. 2015 ఆగస్టు 12 రాత్రి చైనాలోని తియాన్‌జిన్ రేవు గోదాము పేలుళ్లలో 165 మంది చనిపోతే, వాళ్లలో 99 మంది అగ్నిమాపక సిబ్బందే. ఆ గోదాములో ఏమేం ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో మంటల దగ్గరికి వెళ్లినవాళ్లకు సరిగా తెలియదు.

కాబట్టి మొదటి పాఠం దూరం. గాలి వచ్చే దిక్కున, వీలైతే ఎత్తు మీద బండి ఆపాలి, ముందు చక్రాలు తిరుగు దారివైపు ఉండాలి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే ప్రమాదస్థలం మొత్తం దాని వెనక దాగాలి. దాగకపోతే ఇంకా దగ్గరగా ఉన్నట్టే. ఇది కొలబద్ద కాదు, కానీ బండి దిగిన తొలి నిమిషంలో పనికొచ్చే గుర్తు. గాలి ఎటు వీస్తోందో గుడి జెండా చెబుతుంది, చెట్టుకొమ్మ చెబుతుంది, ఏదీ లేకపోతే గుప్పెడు దుమ్ము జారవిడిస్తే తెలుస్తుంది. పది నిమిషాలకోసారి మళ్లీ చూడాలి. సముద్రపు గాలి, భూమి గాలి పూటను బట్టి దిక్కు మార్చుకునే కోస్తాలో ఈ మాట మరీ ముఖ్యం.

ఆగిన చోటి నుంచి చేసే పని చదవడం. మన దేశంలో ప్రమాదకర సరుకు మోసే ట్యాంకరుకు రెండు పక్కలా, వెనకా అత్యవసర సమాచార పలక ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. దానిమీద సరుకు పేరు, నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య, ప్రమాద తరగతి గుర్తు, ఫోన్ నంబర్లు ఉంటాయి. 1203 అంటే పెట్రోలు, 1017 క్లోరిన్, 1005 అమ్మోనియా, 2055 ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్. బైనాక్యులర్స్‌తో ఆ నాలుగంకెలు చదివితే సగం సంగతి తెలిసినట్టే. పక్కనే చాలా ట్యాంకర్లకు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే హాజ్‌కెమ్ కోడ్ కూడా ఉంటుంది. పెట్రోలుది 3వైఈ. 3 అంటే నురుగు వాడాలి. వై అంటే పేలుడులాంటి ప్రతిచర్య జరగవచ్చు, శ్వాస పరికరం కావాలి, కారినదాన్ని కాలువలోకి పోనివ్వకుండా కట్టడి చేయాలి. చివరి 'ఈ' అక్షరం చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించే సంగతి ఆలోచించమంటుంది. క్లోరిన్‌ది 2ఎక్స్‌ఈ. ఇక్కడ 2 అంటే సన్నటి తుంపర. అది చూసి తుంపరను టన్నర్ మీదికి తిప్పితే మొదట చెప్పుకున్న తప్పే జరుగుతుంది. తుంపర పోవాల్సింది గాలివాలున కదిలే మబ్బు మీదికి, రంధ్రానికి దూరంగా. క్లోరిన్ నీళ్లలో పెద్దగా కరగదు కాబట్టి దాని దగ్గర ఈ తుంపరతో పెద్ద లాభం కూడా ఉండదు. అదే అమ్మోనియా అయితే నీళ్లను దాహంగా తాగేస్తుంది. గాలివాలున నిలబెట్టిన నీటి తెర దాని మబ్బును చాలావరకు పడగొడుతుంది. కానీ నేల మీద మడుగు కట్టిన ద్రవ అమ్మోనియాలో నీళ్లు పోస్తే ఒక్కసారిగా ఆవిరి లేస్తుంది. కోడ్‌లో ఒక్క అంకె గుర్తుంటే చాలదు, అది ఎందుకు ఉందో తెలియాలి.

పలక దుమ్ముకొట్టుకుపోయి ఉండొచ్చు, పాత సరుకుది తుడవకుండా వదిలేసి ఉండొచ్చు. అందుకే డ్రైవరు దగ్గర ఉండే ట్రెమ్ కార్డును (సరుకు ప్రమాదం, జాగ్రత్తలు రాసి ఉండే కాగితం), బిల్లులను, పలకను మూడింటినీ పోల్చి చూడమంటారు.

అందరికీ ఒకే శిక్షణ అక్కర్లేదు. అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు దీన్ని మెట్లుగా విడదీశాయి. మొదటి మెట్టువాళ్లు గుర్తుపట్టి, దూరం జరిగి, కబురు చేస్తారు. రెండో మెట్టుకు కనీసం 8 గంటల శిక్షణ. వాళ్లు దూరం నుంచే కట్టలు కట్టి, తెరలు పెట్టి, వ్యాపించకుండా ఆపుతారు. కనీసం 24 గంటల శిక్షణతో మూడో మెట్టు ఎక్కినవాళ్లే దగ్గరకెళ్లి లీకును మూస్తారు. మన తెలుగు నేల మీద ఆ మూడో మెట్టు పని చేయగల జాతీయ విపత్తు స్పందన దళానికి, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్‌కు, విజయవాడ దగ్గరి కొండపావులూరులో 10వ బెటాలియన్ ఉంది. కానీ వాళ్లు వచ్చేలోపు గంటలు గడుస్తాయి. ఆ గంటలన్నీ ఊళ్లోని ఫైర్ స్టేషన్‌వి, పోలీస్ స్టేషన్‌వి.

మూడో మెట్టుకు మంచి పాఠ్యవస్తువు క్లోరిన్ టన్నరే. ఊళ్లకు నీళ్లు శుద్ధి చేసే ఎన్నో ప్లాంట్లలో ఉండేది అదే. అందులో సుమారు 900 కిలోల క్లోరిన్ పడుతుంది. ఒక చివర రెండు వాల్వులుంటాయి. టన్నర్‌ను పడుకోబెట్టి వాల్వులు నిలువు గీతలో వచ్చేలా సర్దితే, పై వాల్వు వాయువు ఇస్తుంది, కింది వాల్వు ద్రవం ఇస్తుంది. లీకు కింద ఉంటే బయటికొచ్చేది ద్రవం. ఒక్క లీటరు ద్రవం దాదాపు 460 లీటర్ల వాయువవుతుంది. అందుకే చేతిలో స్పానరు పట్టకముందు చేయాల్సిన పని టన్నర్‌ను దొర్లించి రంధ్రాన్ని పైకి తేవడం. ఇప్పుడు వాయువు మాత్రమే పోతుంది, పోయే బరువు ఎన్నో రెట్లు తగ్గుతుంది. డబ్బాతో కలిపి టన్నున్నర బరువుండే దాన్ని దొర్లించాలంటే కింద రోలర్లు ఉండాలి, లేదా గడ్డపారలు, చెక్క దిమ్మెలు సిద్ధంగా ఉండాలి. దిమ్మె పెట్టకుండా తోస్తే అది మళ్లీ వెనక్కి దొర్లి రంధ్రం కిందికే పోతుంది.

రెండు చివరలా ఫ్యూజిబుల్ ప్లగ్గులుంటాయి. 70 డిగ్రీలు దాటగానే కరిగి దారి ఇచ్చేస్తాయి, లేకపోతే మంటల్లో టన్నరే పగిలిపోతుంది. వాల్వు కారితే దానిమీద బోర్లించి బిగించే ఒక రకం మూత, అంటే హుడ్, ప్లగ్గు కారితే ఇంకో రకం, ఒంటికి చిల్లుపడితే గొలుసుతో బిగించే పట్టీ. ఇవన్నీ ఎమర్జెన్సీ కిట్‌లో ఉంటాయి. అక్కడ జరిగే పొరపాట్లు చాలా మామూలువి. గాస్కెట్ ఎండి బీటలు వారి ఉంటుంది, హుడ్ ఏటవాలుగా కూర్చుంటుంది, ఒకే పక్క నట్టు పూర్తిగా బిగించేసి రెండోది తర్వాత చూసుకుంటారు. నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. లీకు ఎక్కడుందో తెలియకపోతే అమ్మోనియా ద్రావణం ఉన్న ప్లాస్టిక్ సీసాను నొక్కి ఆవిరిని మాత్రం పోనివ్వాలి. క్లోరిన్ తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. ద్రావణాన్ని వాల్వు మీద చల్లకూడదు, ఇత్తడి పాడవుతుంది.

లీకు ఆగకపోతే క్లోరిన్‌ను గొట్టం ద్వారా కాస్టిక్ సోడా ద్రావణంలోకి పంపుతారు. లెక్క ప్రకారం కిలో క్లోరిన్‌కు 1.13 కిలోల కాస్టిక్ కావాలి, ఆచరణలో 1.25 పెట్టుకుంటారు. నిండు టన్నర్‌కు అది 1,100 కిలోలు దాటుతుంది. ప్లాంటు స్టోరులో రెండు బస్తాలు చూపించి ఏర్పాటు ఉందనుకోవడం నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం. టన్నర్‌నే తొట్టిలో ముంచేయడం కూడా తప్పే.

సాధనకు అసలు క్లోరిన్ వాడరు. ఖాళీ టన్నర్‌లో గాలి ఒత్తిడి పెట్టి సబ్బునీళ్లు రాస్తే బుడగలే తప్పొప్పులు చెబుతాయి. అసలు కష్టం దుస్తుల్లో ఉంటుంది. ఒళ్లంతా మూసే సూటు, లోపల వీపుమీద గాలి సిలిండరు, చేతికి రెండు మూడు పొరల గ్లౌజులు. ఆ చేతితో నట్టు పట్టుకోవడమే ఒక విద్య. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడికి సుమారు 2,000 లీటర్ల గాలి ఉంటుంది. 55 బార్ల దగ్గర ఈల మోగుతుంది. అప్పటిదాకా వాడుకోగలిగేది 1,600 లీటర్ల పైచిలుకు. బరువు పని చేసే మనిషి నిమిషానికి 60 లీటర్లు తాగుతాడు కాబట్టి 27 నిమిషాలు. నడిచి వెళ్లడానికి 4, తిరిగి రావడానికి 4, బయట సూటు కడిగించుకోవడానికి 6 తీసేస్తే పనికి మిగిలేది 13. మే నెల ఎండలో ఒంటి వేడి ఆ 13ను కూడా పూర్తిగా దక్కనివ్వదు. సూటు తొడిగేముందు నాడి, రక్తపోటు చూసి, నీళ్లు తాగించి పంపాలి. ఇద్దరు లోపలికి వెళితే అదే రకం సూటుతో ఇంకో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. కడిగే ఏర్పాటు పూర్తికాకుండా ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. సూటులో వైర్‌లెస్ మాట సరిగా వినపడదు కాబట్టి చేతి సైగలు ముందే అనుకోవాలి. గొంతు పట్టుకుంటే గాలి అయిపోతోందని, రెండు చేతులూ తలమీద పెడితే సాయం కావాలని.

మీటర్ల సంగతి విడిగా చెప్పాలి. మండే వాయువుల మీటరు చూపించే శాతం గాల్లో ఉన్న శాతం కాదు, అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో ఎన్నో వంతు అనేది. అమ్మోనియా అంటుకోవాలంటే గాల్లో 15 శాతం ఉండాలి. మీటరు 10 చూపిస్తే నిప్పు భయం ఇంకా దూరమే. కానీ 15 శాతంలో పదో వంతు అంటే 1.5 శాతం, అంటే 15,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15,000 భాగాలు). అమ్మోనియా 300 పీపీఎం దగ్గరే ప్రాణాపాయంగా లెక్కిస్తారు. నిప్పుకు భద్రం అనిపించిన చోట ఊపిరికి 50 రెట్లు ప్రమాదం. శిక్షణకు వచ్చినవాళ్ల చేత ఈ గుణకారం కాగితం మీద చేయిస్తే గాని ఆ అంకె మీద నమ్మకం పోదు.

విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున దాదాపు 3 గంటలకు ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పగలైతే నేల వేడెక్కి గాలి పైకి లేస్తూ విషాన్ని పలచన చేస్తుంది. తెల్లవారుజామున గాలి పొరలు కదలకుండా పడుంటాయి, బరువైన ఆవిరి వాటి కిందనే ఇళ్లలోకి పాకుతుంది. భోపాల్ కూడా రాత్రే. ఉత్తర అమెరికా ఫైర్ సిబ్బంది వాడే మార్గదర్శినిలో విషవాయువులకు పగటి దూరం, రాత్రి దూరం విడివిడిగా ఇచ్చింది ఇందుకే. వెంకటాపురంలో మూయడానికి చిల్లు కూడా లేదు. లోపలి స్టైరీన్ తనలో తాను గొలుసులా కలుస్తూ వేడెక్కిపోయింది. దాన్ని ఆపేది టీబీసీ అనే నిరోధకం. దాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. మబ్బు వెళ్లే దారిలో ఉన్నవాళ్లకు చెప్పాల్సింది గాలితో పాటు పరుగెత్తవద్దని, గాలికి అడ్డంగా, పక్కకు తప్పుకోమని. క్లోరిన్ లాంటి బరువైన వాయువైతే, బయటికి రాలేనివాళ్లు పై అంతస్తుకెక్కి తలుపుల సందుల్లో తడిగుడ్డలు కుక్కుకోవాలి.

బయటికి తెచ్చినవారి బట్టలు ముందు తీసేయాలి. ఒంటికి అంటిన రసాయనంలో ఎక్కువ భాగం బట్టలతోనే పోతుంది. చొక్కాను తలమీదుగా లాగితే అదంతా ముఖానికి రాసుకుంటుంది కాబట్టి కత్తెరతో ముందుభాగం కోసి విప్పాలి. తర్వాత ఒంటిని కడగాలి, నీళ్ల ఒత్తిడి తక్కువ, నీళ్లు ఎక్కువ. బట్టలు సంచిలో కట్టి పేరు రాసి పక్కన పెట్టాలి. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ వదిలినప్పుడు బాధితులను బట్టలు మార్చకుండానే మోసుకుపోయారు. తరలించిన అగ్నిమాపక శాఖ సిబ్బందిలో 135 మందికి ఆ విషం లక్షణాలు కనిపించాయి. చాలామంది బాధితులు అంబులెన్సు కోసం ఆగకుండా సొంతంగా ఆసుపత్రికి చేరారు. అందుకే బట్టలు కోసి తీసే కత్తెర, నీళ్ల గొట్టం 108 బండిలోనే కాదు, ఆసుపత్రి గేటు బయట కూడా ఉండాలి. సిబ్బంది తమ సూటు విప్పేటప్పుడు గ్లౌజుల పై పొర ముందు పోతుంది, మాస్కు చివర్లో.