రాయి ఉంటే సరిపోదు

ఒంగోలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రాజెక్టు రిపోర్టు చదివాను. చీమకుర్తి గ్రానైట్ కంపెనీల కోర్ కాంపిటెన్సీ, అంటే వాటి అసలు బలం, 'బ్లాక్ గెలాక్సీ రాయి' అని రాశారు. మార్కులు పడతాయేమో గానీ, నాకు మాత్రం మింగుడు పడలేదు.

ఈ మాట వ్యాపారం చేసేవాళ్ల నోళ్లలో నానడానికి కారణం సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పండితులు. 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ఇద్దరూ కలిసి దీని మీద వ్యాసం రాశారు. ప్రహ్లాద్ గారు పుట్టింది మన పక్క రాష్ట్రంలోనే, కోయంబత్తూరులో. వాళ్లు పెట్టిన పరీక్షలు మూడు. ఆ బలం వల్ల కొనేవాడికి లాభం కనపడాలి. ఒక్క సరుకుతో ఆగకుండా రకరకాల మార్కెట్లకు దారి తియ్యాలి. పోటీవాడు చూసి చటుక్కున కాపీ కొట్టలేనిదై ఉండాలి. హోండా వాళ్లు బైకులూ కార్లూ జనరేటర్లూ గడ్డి కోసే మిషన్లూ అమ్ముతారు. అన్నిటి వెనకా ఉన్నది ఇంజిన్ తయారీలో వాళ్లకున్న పట్టు.

మరి మన నల్లరాయి, అందులో మెరిసే బంగారు చుక్కలు? అది భూమి పెట్టిన ఆస్తి. లీజు దొరికిన ప్రతివాడికీ ఉంటుంది. దాన్ని పగలకుండా బయటికి తియ్యడం వేరే సంగతి. అనుభవమున్న మేస్త్రీ బ్లాకు మీద నీళ్లు కొట్టించి, ఆరేదాకా కదలడు. రాయంతా ఆరినా సన్నటి పగులున్న చోట తడిగీత కాసేపు నిలుస్తుంది. దాన్ని బట్టి కోత ఎటు పెట్టాలో చెబుతాడు. ఆ కన్ను ఏ రాయికైనా పనికొస్తుంది. కొన్న స్లాబు పగలకపోతే లాభం కస్టమర్‌దే. మిషను కొన్నంత తేలిగ్గా ఆ అనుభవం రాదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ మేస్త్రీ నాలుగు డబ్బులు ఎక్కువిస్తారని పక్క క్వారీకి వెళ్లిపోతే? బలం ఆయన వెంటే పోతుంది. కంపెనీ మొత్తం కలిసి నేర్చుకున్నదాన్నే ప్రహ్లాద్, హామెల్ లెక్కలోకి తీసుకున్నారు. మీ రిపోర్టులో ఇది అసలే లేదు. మేస్త్రీ దగ్గర కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారా లేదా అన్నది కనుక్కుని రాయండి.

ఉదయగిరి చెక్క స్పూన్ల సంగతీ అంతే. కర్ర అడవిది, చెక్కే పనితనం వాళ్లది.

ఇప్పుడు రెజ్యూమెల్లో కూడా 'కోర్ కాంపిటెన్సీ' అని హెడ్డింగ్ పెడుతున్నారు. దాని కింద 'కష్టపడతాను, టైముకి వస్తాను' అని రాయకండి, అది అందరూ చేయాల్సిందే. మీరు బాగా చేసే పని ఒకటి, దాన్ని ఎక్కడ చేసి చూపించారో ఒక వాక్యం రాయండి, చాలు.

మీ తాతయ్య