ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బతుకుతున్నవారికి ధైర్యం, తోడు: అపోహలు - వాస్తవాలు

నేను పాలియేటివ్ కేర్ డాక్టర్‌ని. క్యాన్సర్‌కి మందులిచ్చేది ఆంకాలజిస్టు. నొప్పి, ఆయాసం, నిద్రలేమి, గుబులు, ఇంట్లోవాళ్ల అలసట చూసుకునేది మేం. పేషెంటుకి అందరూ "ధైర్యంగా ఉండు" అని చెబుతారు. రాత్రంతా రొప్పుతూ కూర్చున్న మనిషికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు ఊపిరి ఆడాలి, నిద్ర పట్టాలి, మనసులో మాట వినేవాళ్లు ఒకరుండాలి. ఈ అపోహలు వాటికే అడ్డుపడుతున్నాయి.

అపోహ: పాలియేటివ్ కేర్‌కి పంపారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే.

కాదు. కీమో, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) నడుస్తుండగానే మా దగ్గరికి రావచ్చు, రావాలి కూడా. ఒంట్లో ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా బయటపడ్డ 151 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ అందినవాళ్లలో కుంగుబాటు తగ్గింది, జీవన నాణ్యత మెరుగుపడింది. వీళ్ల మధ్యస్థ జీవితకాలం (సగం మంది ఇంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లది 8.9. ఇవి ఇప్పటి కొత్త మందులు రాకముందు అంకెలు, వీటితో మీ రోజులు లెక్కపెట్టుకోవద్దు. ఆయుష్షు పెరగడం తర్వాతి అధ్యయనాలన్నింటిలో కనిపించలేదు. రోజులు మెరుగ్గా గడవడం మాత్రం మళ్లీ మళ్లీ కనిపించింది.

అపోహ: ఆయాసానికి ఆక్సిజన్ ఒక్కటే దారి. మార్ఫిన్ (నల్లమందు జాతికి చెందిన బలమైన నొప్పి మందు) మొదలుపెడితే వ్యసనమైపోతుంది.

రొప్పే ప్రతి ఒక్కరికీ రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఉండదు. తగ్గనివాళ్లకి సిలిండర్ వల్ల పెద్దగా లాభం లేదు. ముందుకు వంగి, బల్ల మీద దిండు పెట్టుకుని మోచేతులు ఆనించండి. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ గాలి ముక్కు, బుగ్గల మీద తగలనివ్వండి. ముఖానికి చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గినట్టనిపిస్తుంది. పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలండి. ఇంట్లోవాళ్లు చుట్టూ మూగొద్దు. ఒక్కరు ఎదురుగా కూర్చుని, తామూ నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతుంటే చాలు.

వీటితో లొంగకపోతే కొందరికి తక్కువ మోతాదు మార్ఫిన్ ఉపశమనం ఇస్తుంది. డాక్టర్ పర్యవేక్షణలో వాడితే వ్యసనంగా మారే ప్రమాదం తక్కువ. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే రాస్తాం. మార్ఫిన్‌ని సొంతంగా ఉన్నట్టుండి ఆపకండి. హఠాత్తుగా విపరీతమైన ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, ముఖం లేదా మెడ వాపు వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అపోహ: సిగరెట్లు తాగినందుకే వచ్చింది, ఎవరిని అని ఏం లాభం?

జీవితంలో ఒక్క సిగరెట్టూ ముట్టనివాళ్లకీ వస్తుంది. కలుషితమైన బయటి గాలి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది. తాగినవాళ్లయినా సరే, నింద వైద్యం కాదు. పరామర్శకి వచ్చి "తాగేవారా?" అని అడిగితే ఆ మనిషి ఆ తర్వాత నొప్పి కూడా చెప్పుకోడు. ఇప్పుడు మానేసినా చికిత్సకి మేలే.

అపోహ: జబ్బు సంగతి చెబితే కుంగిపోతారు. ఏడిస్తే జబ్బు ముదురుతుంది.

"నాన్నకి చెప్పకండి డాక్టర్ గారూ" అని కొడుకు గుమ్మం దగ్గర చెబుతాడు. లోపలికెళ్తే తండ్రి నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసమ్మా, పిల్లలకి చెప్పకండి, బెంగపడతారు" అంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా ఏడుస్తుంటారు. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో పేషెంటునే అడగండి, అంతవరకే చెప్పండి. ఏడుపు వల్ల కణితి పెరగదు. కానీ రెండు వారాలకు పైగా దేనిమీదా మనసు నిలవకపోతే, బతుకు మీద విరక్తి కలుగుతుంటే డాక్టర్‌కి చెప్పండి; కుంగుబాటుకి మంచి చికిత్స ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే చెప్పండి.

అపోహ: మనవాళ్ల సేవ మనమే చెయ్యాలి, ఇంకొకరిని అడగకూడదు.

రాత్రిళ్లు మేలుకునే భార్య, ఉద్యోగానికి సెలవులు అయిపోయిన కూతురు కూడా మా పేషెంట్లే. "ఏమైనా కావాలంటే చెప్పండి" అని ఎవరైనా అంటే మొహమాటపడకండి. "గురువారం స్కాన్‌కి మీరు తోడెళ్లండి, నేను నిద్రపోతాను" అని చెప్పండి.