పెళ్లికూతురి ముఖానికి క్యూరింగ్

మొన్న రాత్రి పదకొండింటికి మా మేనకోడలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అత్తా, మాఘంలో పెళ్లి కదా, పార్లర్‌లో ముందురోజు గోల్డ్ ఫేషియల్ చేయించుకుంటే మేకప్ బాగా కూర్చుంటుందంటున్నారు, చేయించుకోనా?" వద్దమ్మా అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, ఒక్క ముక్కతో ఊరుకోవడం నాకు చేతకాదు.

మేకప్ పడేది బతికున్న కణాల మీద కాదు, చచ్చిన కణాల మీద. చర్మం పైన స్ట్రాటమ్ కార్నియమ్ అని ఒక పొర ఉంటుంది, దాన్ని క్లాసులో "మృతకణాల పొర" అని ఒక లైనులో చెప్పి ముందుకెళ్లిపోతాం, నేనూ అంతే చేశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ముఖం మీద అది మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు, మహా అయితే పది పదిహేను వరసల కణాలు. కణాలు ఇటుకలు, వాటి మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన సిమెంటు. ఈ గోడ పోలిక నా సొంతం కాదు, చర్మవైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నదే. కానీ ఆ గోడకు రంగు వేయబోతున్నామన్న సంగతి దగ్గరే నాకు ఆసక్తి మొదలవుతుంది.

మా ఇంటికి రంగులు వేసిన పెద్దాయన గోడని అరచేత్తో తడిమి చూడనిదే డబ్బా మూత తీసేవాడు కాదు. గోడ పొడి రాలుతుంటే ఎంత ఖరీదైన రంగు వేసినా పెచ్చులతో సహా ఊడొస్తుందనేవాడు. లప్పం, ప్రైమర్, తర్వాత రంగు. మేకప్ వాళ్లూ ప్రైమర్ అనే అంటారు, ఆ మాట విన్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్కో ఇటుక పక్క ఇటుకని ప్రోటీన్ కొక్కేలతో పట్టుకుని ఉంటుంది, వీటి పేరు కార్నియోడెస్మోజోమ్‌లు. కణం పైకి చేరేసరికి ఆ కొక్కేలు తెగాలి, తెగితే అది ఒంటరిగా, కంటికి ఆనకుండా రాలిపోతుంది. తెంచేది కాలిక్రీన్ 5, కాలిక్రీన్ 7 లాంటి ఎంజైములు, కత్తెరలనుకోండి. ఈ కత్తెరలు ఆడాలంటే నీళ్లు కావాలి. పొర ఎండిపోతే అవి మొరాయిస్తాయి, కొక్కేలు సగం తెగీ సగం తెగక, వందల కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే పెచ్చుగా పైకి లేస్తాయి. చలికాలం ముక్కు పక్కన, పెదాల చుట్టూ తెల్లగా లేచే పొట్టు అదే. ఫౌండేషన్‌లోని రంగు పొడి ఆ పెచ్చు అంచున పేరుకుంటుంది, అంతవరకూ ఎవరికీ కనపడనిది ఫొటోలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

ప్లాస్టరింగ్ అయిన గోడకు రోజూ పైపుతో నీళ్లు కొడతారు చూడండి, క్యూరింగ్ అంటారు. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది నీటితో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, నీళ్లు చాలకపోతే గోడ జీవితాంతం పొడి రాలుస్తూనే ఉంటుంది. మన పై పొరదీ అదే కథ. మాయిశ్చరైజర్ అంటే క్యూరింగే. అందులోని గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ లాంటిది ఆవిరైపోకుండా మూత వేస్తుంది. చర్మానికి సొంత ఏర్పాటూ ఉంది, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ముక్కలై అమైనో ఆమ్లాలుగా మారి నీటిని పట్టుకుంటుంది, కాకపోతే వేన్నీళ్లూ సబ్బూ కలిసి వాటిని కడిగేస్తాయి. రోజుకు నాలుగు లీటర్లు తాగితే ముఖం మెరుస్తుందంటారు గానీ, మామూలుగా నీళ్లు తాగే మనిషికి ఆ అదనపు నీళ్లలో ఎక్కువ భాగం వెళ్లేది బాత్రూమ్‌కే.

మరి ముందురోజు ఫేషియల్? గోడ మీద గరుకు కాగితం పెట్టి గట్టిగా రుద్దడమే. పది వరసల గోడలో రెండు మూడు వరసలు లేపేస్తే మిగిలిన వాటిలోంచి నీరు ఇంకా వేగంగా ఆవిరైపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, ఏది రాసినా మంట. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయి, ఐస్ పెడితే మూసుకుంటాయి అనేది కూడా ఉత్తదే, వాటికి తెరిచి మూసే కండరాలు లేవు. నిమ్మరసం, వంటసోడా అని ఇంకో వైద్యం. చర్మం పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం) దాదాపు 5, నిమ్మరసం 2, సోడా నీళ్లు 8 దాటతాయి, మామూలు సబ్బు 9, 10. పీహెచ్ పెరిగితే అవే కత్తెరలు అదుపు తప్పి తెంచకూడని కొక్కేలనూ తెంచేస్తాయి, సెరమైడ్లు తయారుచేసే ఎంజైమేమో ఆమ్లం చాలక మందగిస్తుంది. కూల్చేవాళ్లు ఎక్కువై తాపీమేస్త్రి పనికి రాకపోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఊహించుకోండి.

పోలిక ఇక్కడ ఒక్కచోట చెడుతుంది, అదీ మనకు అనుకూలంగానే. ఇంటి గోడ కింది నుంచి కొత్తగా పుట్టదు, ఇది పుడుతుంది. ఈ పొర మొత్తం మారడానికి రమారమి రెండు వారాలు. అందుకే ఫేషియల్ సరదా ఉంటే పెళ్లికి పది రోజుల ముందే కానిచ్చేయాలి, మాయిశ్చరైజర్ కనీసం మూడు వారాల ముందు నుంచీ రోజూ రాయాలి. థ్రెడింగ్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు. రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీము వాడేవాళ్లు దాన్ని వ్యాక్సింగ్‌కు వారం ముందే ఆపకపోతే వ్యాక్స్‌తో పాటు చర్మమూ లేచి రావచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే "తెల్లబడే" క్రీముల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, అవి వాడుతుంటే మేకప్ సంగతి తర్వాత, ముందు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పసుపు గురించి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. మన పెళ్లిళ్లలో చిక్కేమిటంటే మంగళస్నానానికీ మేకప్‌కీ మధ్య గంటో రెండు గంటలో ఉంటుంది, ముందుగా చేసి చూసే మేకప్ ట్రయల్‌లో తెల్ల లైటు కింద ఎంచిన షేడు పచ్చటి ముఖం మీద పడుతుంది. కంగారుపడి సబ్బుతో తోమితే తువ్వాలు ఎర్రబడుతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ కిటుకుతోనే. కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే నూనె రాసి, సున్నిపిండితో మెల్లగా తీసే నలుగు పద్ధతి రసాయన శాస్త్రం ప్రకారం భేషైనది. పసుపుతో మనిషి తెల్లబడుతుందన్నది మాత్రం నమ్మకమే. ఇంట్లో ఒప్పుకుంటే బుగ్గలకు బొట్టులా పెట్టించుకుని మిగతాది కాళ్లకూ చేతులకూ రాయించుకోమన్నాను.

కొత్త వస్తువేదైనా మోచేతి లోపలివైపు రాసి రెండు మూడు రోజులు చూడాలి. గంట చూసి "ఏం కాలేదు" అనుకుంటే లాభం లేదు, ఈ రకం ఎలర్జీ రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాల పని, అవి తీరిగ్గా 48 నుంచి 72 గంటలకు వస్తాయి. ట్రయల్ వారం ముందే పెట్టుకోమనేది అందుకే. నల్ల మెహిందీ జోలికి అసలు పోవద్దు, అందులో తరచూ జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు, అది పొక్కులు తేగలదు.

ఇక ఆ రోజు. ముహూర్తం తెల్లవారుజామున అయితే రాత్రి ఒంటిగంటకే కుర్చీలో కూర్చోవాలి. ముఖం కడిగి, తడి ఆరకముందే పల్చగా మాయిశ్చరైజర్ రాసి పదిహేను నిమిషాలు వదిలేయండి. లెన్సులు పెట్టుకునేవాళ్లు మేకప్‌కి ముందే పెట్టుకోవాలి. తలమీదుగా తీసే బట్టలు వద్దు, ముందు బటన్లున్నవి వేసుకోండి. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ చీకట్లో అక్కర్లేదు, పైగా ఫ్లాష్ పడితే ముఖం సున్నం కొట్టినట్టు వస్తుంది. ఇడ్లీ తినేది లిప్‌స్టిక్‌కి ముందే. దిష్టిచుక్క మీద నాకేమీ అభ్యంతరం లేదు.

ఇదంతా విని మా మేనకోడలు "మరి ఆయనకి?" అంది. పెళ్లికొడుకు సంగతి ఎవరూ అడగరు! ఆయన తెల్లవారుజామున మూడింటికి హడావుడిగా, మొండి బ్లేడుతో, వెంట్రుకకు ఎదురుగా గీస్తాడు, వెంట్రుకలతో పాటు మనం ఇంతసేపూ చెప్పుకున్న గోడలో ఒకటి రెండు వరసలూ పోతాయి, దానిమీద ఆల్కహాల్ ఉన్న లోషన్ కొడతాడు, అరగంటలో అక్కడే ఫౌండేషన్ పడుతుంది, హోమం దగ్గర చెమట పట్టగానే చుర్రుమంటుంది. ముందురోజు సాయంత్రమే, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలున గీసుకోమని చెప్పమన్నాను. చెప్పిందట. "నాకు మేకప్ ఏంటి, నేను వేసుకోను" అన్నాడట.