గురక మధ్యలో ఆగితే మెదడుకి ఏమవుతుంది?

నాన్న గురక పెడుతున్నారంటే హాయిగా నిద్రపోతున్నారనే ఇంట్లో అందరూ అనుకుంటారు. ఓ రాత్రి పక్కన కూర్చుని శ్రద్ధగా గమనించండి. గురక పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి తగలదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి ముప్పై. తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుని, పక్కకి ఒత్తిగిలి మళ్లీ గురక మొదలుపెడతారు. ఇదే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా.

నిద్రలో గొంతు కండరాలు వదులవడం అందరికీ మామూలే. మెడ లోపల కొవ్వు పేరుకున్నా, దవడ చిన్నగా ఉన్నా నాలుక వెనక్కి జారి గాలి దారిని మూసేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు కల్పించుకుని మనిషిని కొద్ది సెకన్లపాటు నిద్రలోంచి లేపుతుంది. మళ్లీ ఊపిరి ఆడేది అందువల్లే. కానీ ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు 30 సార్లు, అంతకు మించి జరిగితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు లెక్క. అలాంటి రాత్రి గాఢనిద్ర ఎక్కడ దక్కుతుంది? పొద్దున్నే ఇవేవీ గుర్తుండవు. ‘ఎనిమిది గంటలు పడుకున్నాను కదా, ఈ తలనొప్పేంటి?’ అంటారు.

ఆక్సిజన్ రాత్రంతా పడుతూ లేస్తూ ఉంటే మెదడులోని రక్తనాళాలు, కణాలు దెబ్బతింటాయి. కొత్త జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ ఈ కొరతను తట్టుకోలేని భాగాల్లో ఒకటి.

2014లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన ప్రయోగం చూడండి. తీవ్రమైన ఆప్నియా ఉండి, గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే సీప్యాప్ మిషన్‌ని రోజూ పెట్టుకుని పడుకునే 18 మందిని తీసుకున్నారు. నిద్రకు ముందు వీడియో గేమ్‌లో పద్మవ్యూహం లాంటి దారుల్లో తిప్పారు. ఒక రాత్రి మిషన్ గాలి యథావిధిగా ఉంచారు. మరో రాత్రి కలలొచ్చే ఆర్‌ఈఎం నిద్రలో మాత్రమే గాలి తగ్గించారు. మామూలు రాత్రి గడిచాక పొద్దున్నే దాదాపు 30 శాతం త్వరగా దారి పట్టుకున్నారు. రెండో రకం రాత్రి తర్వాత ఆ మెరుగుదల లేనేలేదు. చురుకుదనం పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పగలు కునుకుపాట్లు లేనంత మాత్రాన జ్ఞాపకశక్తికి ఢోకా లేదనుకోలేం.

ఊరట కలిగించే సంగతీ ఉంది. సీప్యాప్ అంటే ముక్కుకి మాస్క్ పెట్టి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్. సిడ్నీలో కాలిన్ సలివాన్ 1981లో దీన్ని పరిచయం చేశారు. మూడు నెలలు దీన్ని వాడినవారి మెదడు స్కాన్లలో హిప్పోక్యాంపస్‌తో సహా కొన్ని చోట్ల తరిగిన కణజాలం కొంత తిరిగి పెరిగిందని, జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడిందని ఇటలీ పరిశోధకులు 2011లో చూపించారు.

అందుకే పెద్దవాళ్ల మతిమరుపుని వయసు మీదకి నెట్టేసే ముందు ఒకసారి స్లీప్ స్టడీ చేయించండి. వేలికి, ముక్కుకి, ఛాతీకి సెన్సర్లు పెట్టుకుని ఒక్క రాత్రి పడుకుంటే చాలు, చాలామందికి ఇంట్లోనే చేస్తారు. మిషన్ ఇస్తే మొదటి వారాల్లో చిరాకు పడి మూలన పడేసేవాళ్లూ చాలామందే ఉంటారు. మాస్క్ సైజు మార్పించినా, గాలికి తేమ పట్టించే ఏర్పాటు పెట్టించినా ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.