కత్తి బొమ్మ కాదు, ఖాకీ పట్టీ చూడండి

కందుకూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఇనప్పెట్టె దులుపుతుంటే, కలరా ఉండల వాసన మధ్య రెండు గుడ్డముక్కలు బయటపడ్డాయి. ఒకటి ఎర్రటి డాలు, దాని మీద మొన కిందికి ఉన్న కత్తి. రెండోది వెలిసిపోయిన ఖాకీ పట్టీ, మీద ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అనే అక్షరాలు. పిల్లలు కత్తి బొమ్మ కోసం పోట్లాడుకున్నారు. పట్టీని ఎవరూ ముట్టుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మా తాత పటాలంలో ఏం పని చేశాడో చెప్పేది మాత్రం ఆ పట్టీయే.

ఆ అక్షరాలు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌వి. బియ్యం, పెట్రోలు, మందుగుండు లారీల మీదా, కంచర గాడిదల మీదా ముందుకు చేర్చే దళం అది. 1939 చివర్లో ఫ్రాన్స్‌కు వెళ్ళి, మరుసటేడు అక్కడి డంకర్క్ రేవు నుంచి బయటపడ్డ కంచర గాడిదల కంపెనీలు ఈ దళానివే. యుద్ధం మొదట్లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు పెరిగింది. అంతమందికీ భుజం మీద ఇత్తడి అక్షరాలు ఇవ్వడం అయ్యే పనేనా? గుడ్డ పట్టీలు ఎక్కడ చూసినా కనిపించడం అప్పుడే మొదలైంది.

ఇక కత్తి బొమ్మ, బర్మాలో జపాన్‌తో పోరాడటానికి 1943లో ఏర్పడ్డ 14వ ఆర్మీది. పేరు రాస్తే శత్రువు చదువుతాడు కాబట్టి బొమ్మ పెట్టేవాళ్ళు. రివాజు ప్రకారం కత్తి మొన పైకి ఉండాలి. బర్మాను ఉత్తరం నుంచి కిందికి దిగుతూ గెలుచుకోవాలని ఆ ఆర్మీని నడిపిన జనరల్ స్లిమ్ దాన్ని కిందికి పెట్టించాడు. ఏ డివిజన్‌కూ చెందకుండా నేరుగా ఆర్మీ కింద పనిచేసిన డ్రైవర్లు, రోడ్లు వేసిన పయనీర్లు, మెకానిక్కులు కూడా ఇదే బొమ్మ కుట్టుకున్నారు. అందుకే బొమ్మను బట్టి మనిషి పని తెలియదు.

మా ముక్క వెనక రెండు టిచ్ బటన్లున్నాయి. చొక్కా చాకలికి వేసేముందు బ్యాడ్జి ఊడదీసుకోవడానికన్నమాట. అంచున కుట్టు కాస్త వంకర. అలాంటివి చాలావరకు బజారులో దర్జీలే కుట్టారు.

పాత వస్తువులు కొనేవాళ్ళు బొమ్మనే అడుగుతారు, పట్టీ చెత్తలోకి పోతుంది. నాకు బాధ అక్కడే. 1950 తర్వాత పేరులో 'రాయల్' తీసేశారు, ఆ అక్షరాలతో కొత్త పట్టీ మళ్ళీ రాలేదు. మీ ఇంట్లో ఉంటే ఉతక్కండి, రంగు దిగుతుంది. రెండూ ఒకే కవర్లో పెట్టి, మనిషి పేరు, ఊరు రాసి ఉంచండి. మా కందుకూరు వైపు వాళ్ళ డిశ్చార్జి కాగితంలో నెల్లూరు జిల్లా అని ఉంటే వేరే ఎవరిదో అనుకోవద్దు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం జిల్లా అయింది) ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరులోనే ఉండేది.